గుమ్మటంలో బేగం లేదు

లక్డారం దాటాక మా ఊరి శివారులో పాత రాతి గుమ్మటం ఉంది. పురిట్లో పోయిన బేగం గోరీ అందులో ఉందని, శుక్రవారం ఆమె ఆడవాళ్ల మీదికి వస్తుందని మా అత్త చెప్పేది.

మా పక్కింటామె మీదికి వచ్చేది. ఆమె భర్త మందుల కంపెనీలో పనిచేసేవాడు; తాగి వచ్చి కొట్టేవాడు. బేగం వచ్చిన రోజు మాత్రం పీట వేసి, మల్లెపూలు పెట్టి, ఆమె కాళ్ల దగ్గర కూర్చునేవాడు. రానురాను బేగం మంగళవారం కూడా రాసాగింది. ఆ బేగం మాట్లాడే ఉర్దూ, అంగట్లో మేమంతా బేరమాడే ఉర్దూనే. నేను గమనించినా ఎవరితోనూ అనలేదు.

యాభై దాటాక నేను సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఆ ఎండాకాలం ఉపాధి పనిలో గుమ్మటం చుట్టూ తుమ్మలు కొడుతుంటే సర్కారు బోర్డు బయటపడింది. సదువుకున్న పెద్దమ్మను పిలవండని ఎవరో ఎగతాళి చేశారు. కూడబలుక్కుంటూ అంతా చదివాను. అది పన్నులు వసూలు చేసిన ఒక అధికారి సమాధి. లోపల ఇంకో గోరీ లేదు.

సాయంత్రానికి కల్లు దుకాణంలో పక్కింటామె భర్తను పట్టుకుని ఆటపట్టించారు.

"ఇన్నొద్దులు మీసాలోనికి మల్లెపూలు పెట్టినవా బామ్మర్దీ?"

శుక్రవారం బేగం వచ్చింది. గోడ అవతల నుంచి అతని గొంతు వినిపించింది. "ఎవడొచ్చిండే నీ మీదికి? పన్ను అడగనీకొచ్చిండా?" తరువాత దెబ్బలు.

పొద్దున ఆమె వాచిన దవడతో నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, తప్పు సదివిన్నని ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్తే ఇంటరు."

రాసి ఉన్నదే చదివానని, దాన్ని మార్చడం నా చేతిలో లేదని అన్నాను. నలుగురిలో నేను మొదటిసారి చదివింది ఆ బోర్డే. అది తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు పనికి వెళ్తే బోర్డు మీద కొన్ని వరుసలు గీకేసి ఉన్నాయి. ఆమెకు చదువు రాదు. కట్టడాన్ని పాడుచేస్తే శిక్ష తప్పదన్న కింది వరుసలను రాయితో అరగదీసింది. అధికారి గోరీ సంగతి పైన చెక్కుచెదరకుండా ఉంది.

ఏ వరుస గీకాలో నాకు తెలుసు. రాయి అక్కడే పడి ఉంది. నేను కొడవలి తీసుకుని తుమ్మలు కొట్టడానికి వెళ్లాను.