మడవచేప రెండో రెక్క

చెన్నై కోయంబేడులో ఉదయం ఆరింటికి పుదుచ్చేరి బస్సెక్కాను. ఒళ్ళో పాత కాగితాల కట్ట. వాటినిండా ప్రాచీన ఈజిప్టువాళ్ళ బొమ్మల అక్షరాలు: గద్దలు, కళ్ళు, చేపలు. ఒక విదేశీ ప్రొఫెసర్ కోసం మా ప్రచురణకర్త వాటిని కంప్యూటర్ ఫాంటుగా గీయిస్తున్నాడు. గీసినవాటిని పాత అచ్చుతో పోల్చి సంతకం పెట్టడం నా పని. సాయంత్రం ఐదులోపు ఫైలు వెళ్ళాలి. వెళ్ళాక ఆ రూపాలే పుస్తకాల్లో నిలిచిపోతాయి. ముప్పై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి, నన్ను దాటి తప్పు పోదని కాస్త పొగరే.

పక్కసీటాయన విల్లియనూరు రైతు, ఇంట్లో తెలుగేనట. కాగితాల్లోకి తొంగిచూసి, "ఇవి చదివేవోళ్ళు ఇంకా ఉండారా?" అన్నాడు. "ఉన్నారండీ, నేను మాత్రం కాదు" అన్నాను.

తొమ్మిదిన్నరకు దిగి, ఇడ్లీ తిని, ఆటోలో కోసపాళయం చేరాను. ఫాంటు గీసే సరోజ ఇంటి ముందుగదిలోనే పనిచేస్తుంది. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. మాట తెలుగే గానీ రాత రాదు. అలాంటి అమ్మాయి వందల ఈజిప్టు అక్షరాలు గీసిందంటే నాకు ఒళ్ళు పులకరించింది.

"స్కాన్లో సిరా మరకలు శానా ఉండాయి సార్. అన్నీ తుడిచేసినా" అంది.

పన్నెండున్నరకు ఆఖరి పేజీ చూసి సంతకం పెట్టేశాను.

అంతలో వీరాంపట్టినం నుంచి చేపలమ్మే అంజలై వచ్చి గడప దగ్గర బుట్ట దించింది. నేను సంతకం పెట్టిన ప్రూఫు కాగితంలో ఒక చేపబొమ్మ మీద వేలుపెట్టి, ఇది మడవచేప కదా, రెండో రెక్క ఏదీ అని తమిళంలో అడిగింది.

"అది అక్షరమమ్మా, కూరకు కాదు" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. బుట్టలోంచి ఒక మడవను తీసి వీపు చూపించింది. ముందొక రెక్క, కాస్త వెనగ్గా ఇంకో చిన్నది.

భూతద్దం తీశాను. పాత కాగితంలో ఆ చిన్న రెక్క సరిగ్గా అక్కడే ఉంది. మరకనుకుని సరోజ తుడిచేసింది, నేను దాటించేశాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నాదే తప్పు సార్" అంది సరోజ, ముఖం పాలిపోయి.

"సంతకం నాదే కదమ్మా" అన్నాను.

బుట్ట ఎత్తుకుంటూ అంజలై, ఈ బొమ్మ ఏనాటిదని అడిగింది. నాలుగు వేల ఏళ్ళ పైమాటే అన్నాను. ఆమె ఆగిపోయింది. "అప్పట్లోనూ మడవే పట్టేవాళ్ళా?" అంది మెల్లగా.

అన్నం మాటే మరిచి, సరోజ తుడిచిన ప్రతి మరకనూ మళ్ళీ చూశాం. ఇంకో తప్పు దొరకలేదు. చిన్న రెక్క తిరిగొచ్చాక, ఐదుకు పావుగంట ముందు ఫైలు పంపించాం.

ఐదున్నర బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మరక్కాణం ఉప్పుమళ్ళు దాటుతున్నా మనసంతా ఆ రెక్క మీదే. ఎవరో మనిషి చేపను చేతపట్టి చూసి, ఆ చిన్నదాన్ని కూడా వదలకుండా రాతిలో చెక్కాడు. తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. సంచిలోంచి ప్రూఫు కాగితం తీశాను. 'సరిచూసినవారు' అన్నచోట, నా సంతకం పైన, 'అంజలై, వీరాంపట్టినం' అని రాశాను.