తదియ నాటి సముద్రం

సకల నదులకు గమ్యమై, రత్నములకు పుట్టినిల్లై, లక్ష్మీదేవికి జనకుడై, శ్రీహరికి శయనమందిరమై వెలయు సముద్రునకు ముందుగా అంజలి.

క్రోధన నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ తదియ, శుక్రవారం. అరబ్బుల లెక్కలో అది రంజాను పండుగ మరునాడు. నా భార్య వీసా గడువు శనివారంతో ముగుస్తుంది. ఖోర్ ఫక్కాన్ తీరానికి ఎదురుగా సముద్రంలో ఒక చిన్న రాతి దీవి ఉన్నది. స్వదేశానికి పోయేలోగా ఆ దీవి మీద ఒక్కసారి కాలు మోపాలని ఆమె కోరిక. నేను వెంట లేనిదే మోపనని ఆమె పట్టు. పర్వదినం కాని రోజున సముద్రాన్ని తాకనని నా పట్టు.

ఈ నియమం మా తండ్రిగారి నుంచి నాకు సంక్రమించింది. పున్నమి, అమావాస్య, గ్రహణం, ఇవి తప్ప తక్కిన రోజులలో సముద్రాన్ని చూడవచ్చును, నమస్కరించవచ్చును, ముట్టరాదు. "సముద్రుడు రాజురా. రాజును తోచినప్పుడల్లా వెళ్ళి తడమరు. ఆయన కొలువు తీరిన రోజున దర్శనం చేసుకుంటారు" అనేవారు. ఏటా మాఘ పున్నమికి బండి కట్టించి తీసుకుపోయేవారు. అల నా మోకాళ్ళను తాకినప్పుడు ఆయన చేయి నా భుజం మీద బిగుసుకోవడం నాకింకా తెలుస్తూనే ఉంది.

అటువంటివాణ్ణి, తెలుగు పండిత పరీక్షలు ముగించీ పంతులు ఉద్యోగం దొరకక, కొన్నాళ్ళు పిల్లలకు ప్రైవేటు పాఠాలు చెప్పి, అజ్మాన్‌లో ఒక కట్టడాల కంపెనీలో గుమాస్తాగా చేరాను. నా గదికి సముద్రం పది నిమిషాల నడక. తొమ్మిదేండ్లు ప్రతి సాయంకాలమూ వెళ్ళి తడి ఇసుకకు నాలుగడుగుల ఇవతల నిలబడ్డాను. పున్నమి మా సెలవురోజైన శుక్రవారంతో కలిసి వచ్చిన రోజులూ లేకపోలేదు. అప్పుడు పత్నీసమేతంగా తప్ప స్నానం ఫలించదని మరొక నియమం వెతికి తెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు దాచుకోవడం దేనికి? నాకు భయం. అంత పెద్ద వస్తువును తాకే అర్హత నాకు లేదనిపించేది. గదికి తిరిగి వచ్చి ఆ సముద్రాన్నే పద్యాలలో వర్ణిస్తూ నా భార్యకు ఉత్తరం వ్రాసేవాణ్ణి.

ఉగాది వెళ్ళిన తరువాత ఆమె మూడు నెలల వీసా మీద వచ్చింది. మొదటి సాయంకాలమే సముద్రం చూపించమంది. నాలుగడుగుల ఇవతల నేను ఆగిపోవడం గమనించి అన్నది:

"ఏవండీ, అయితే మీరింతవరకూ దీన్ని ముట్టుకోనే లేదా?"

"పర్వం కలిసి రాలేదు."

"పద్యాలల్లడానికి తిథి చూడలేదు గానీ, పాదం తడుపుకోవడానికి మాత్రం తిథి కావాలన్నమాట!"

ఆమె ఎదుట ఆ రోజే మాట ఇచ్చాను. పండుగ సెలవులలో ఖోర్ ఫక్కాన్ తీసుకుపోతాను, అక్కడి దీవి దగ్గర ఇద్దరమూ స్నానం చేద్దామని. అక్కడ రేవు పనుల కోసం మా కంపెనీ వారు తీరాన ఒక విడిది కట్టారు. చలికాలంలో దాని నిండా దొరలే. ఎండలు ముదిరేసరికి అందరూ తమ దేశాలకు పోతారు, గదులు తాళాలు పడి ఉంటాయి. మా అరబ్బు మేనేజరు, ముదీర్ అంటారు, తాళంచెవి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. నేను ఇంటి నుంచి తెప్పించుకున్న పంచాంగం తెరిచి, రంజాను మాసం కూడా ముగిసేది అమావాస్యతోనే గనుక మంగళవారం అమావాస్య నాటికే సెలవు వస్తుందని లెక్క తేల్చాను. అమావాస్య పర్వదినం, పత్ని పక్కన ఉంది, ఇక నాకు మిగిలిన సాకు లేదు. పడవవానికి కూడా కబురు పెట్టించాను.

మంగళవారం ఉదయం నేను ఆఫీసులో తాళంచెవి అడిగితే ముదీర్ పకపక నవ్వాడు. చంద్రుడు కనబడందే పండుగ ఏమిటన్నాడు. వారి మాసం చంద్రదర్శనంతో మొదలవుతుంది, మన మాసం చంద్రుడు కనబడకపోవడంతో ముగుస్తుంది. తొమ్మిదేండ్లు అక్కడుండి ఆ తేడా ఎరుగనివాణ్ణి కాను. పంచాంగం చేతిలో ఉంటే నా కన్ను ఆకాశం వంక పోదు, అంతే. నెలవంక బుధవారం సాయంకాలం కనబడింది. గురువారం విదియ నాడు మేము బయలుదేరాము.

మమ్మల్ని తీసుకువెళ్ళినవాడు కంపెనీ పికప్ బండి డ్రైవరు, కరీంనగర్ జిల్లా మనిషి. ఎర్రని ఇసుకతిన్నెలు దాటగానే కొండలు మొదలైనవి. గడ్డిపరక లేదు, పక్షి లేదు. భూమి చర్మం ఒలిచి ఎముకలు ఆరవేసినట్టు ఉన్నవి. ఆ కొండల నడుమ దారి మెలికలు తిరిగి తిరిగి, ఒకచోట ఉన్నట్టుండి తెరచుకుంది. కింద సముద్రం. నీలం అన్న మాటను నేను ఎన్నో ఉత్తరాలలో వాడాను, ఆ క్షణంలో అవన్నీ తిరిగి తీసుకోవాలనిపించింది. నా భార్య బండి ఆపమంది. దిగి, కొంగు తలమీదికి లాక్కుని, గుడి ఎదుట నిలబడినట్టు నిలబడింది.

విడిదిలో కుర్చీలకు దుప్పట్లు కప్పి ఉన్నవి. రెండు మైళ్ళ తీరంలో మా ముగ్గురి అడుగులే.

శుక్రవారం తెల్లవారి పడవవాడు వచ్చాడు. ముసలివాడు, ఆ ఊరి జాలరి. యౌవనంలో సరుకుల ఓడల మీద బొంబాయి తిరిగాడట, హిందీ వచ్చును. మరపడవను మోకాలు దాటిన లోతులో ఆపి, చేయి ఊపి పిలిచాడు.

"నడుం లోతు గూడ లేదు పంతులూ, దిగుండ్రి" అన్నాడు డ్రైవరు.

"ఆయన దిగరు నాయనా. ఈవేళ తదియ" అంది నా భార్య.

"తదియ అయితే ఏందమ్మా? నీళ్లు ఉప్పగుండయా?"

"ఉప్పగానే ఉంటాయి. మంగళవారం నాడైతే ఇంకాస్త రుచిగా ఉండేవేమో, ఆయన్నే అడుగు."

డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, వంగి కూర్చున్నాడు. "అయితే నా బుజాలెక్కుండ్రి. సిమెంటు బస్తాలు మోసినోన్ని, పంతుల్ని మొయ్యనా?"

ఎక్కాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఎక్కాను. పంచె మోకాళ్ళపైకి ఎగగట్టి, పంచాంగమున్న సంచిని గుండెకు హత్తుకుని, ఏబది రెండేండ్ల వయస్సులో ఒకరి భుజాల మీద సముద్రంలోకి పోయాను. పడవవాడు చప్పట్లు కొట్టి ఏదో అరిచాడు.

"పెండ్లికొడుకొచ్చిండు అంటున్నడు పంతులూ" అని డ్రైవరు నా కింది నుంచి చెప్పాడు.

నా భార్య చీర కుచ్చెళ్ళు దోపుకుని పక్కనే నీళ్ళలో నడుస్తున్నది. తల ఎత్తి నన్ను చూడలేదు. డ్రైవరు నన్ను పడవలో దింపి, పడవంటే తనకు కడుపులో తిప్పుతుందని చెప్పి ఒడ్డుకు మరలాడు.

ఆ ఉదయం అల లేదు. తీరం దూరమైన కొద్దీ అడుగు లోతై, లోతైన కొద్దీ తేటబడడం చూసి నేను పడవ అంచు పట్టుకున్నాను. మూడు నిలువుల కింద ఇసుక మీద మా పడవ నీడ మాతోపాటే జారుతున్నది. పగడపు దిబ్బలు గోపురాల వలె లేచి ఉన్నవి. వాటి నడుమ పసుపుపచ్చని చేపలు వందలుగా ఒక్కసారి ఇటు, ఒక్కసారి అటు తిరుగుతున్నవి. తిరిగిన ప్రతిసారీ ఎవరో బంగారు తెర దులిపినట్టుండేది. ఆకాశంలో వేలాడుతున్నానన్న భ్రాంతి కలిగి కళ్ళు మూసుకున్నాను. తెరిచినా ఆ భ్రాంతి పోలేదు.

దీవి ఇంకా ముప్పది గజాలుండగా పడవవాడు ఇంజను ఆపాడు. "ఖలాస్. ముందు రాళ్ళు" అన్నాడు. అక్కడి నుంచి నడిచే పోవాలి. అక్కడ డ్రైవరు భుజాలు లేవు.

నా భార్య దిగింది. నీళ్ళు ఆమె నడుము దాకా వచ్చినవి. పది అడుగులు నడిచి వెనుదిరిగింది.

"నువ్వు వెళ్ళిరా. నేను ఇక్కడి నుంచే చూస్తాను" అన్నాను.

"ఇక్కడి నుంచే చూసేదానికి నేను ఇంటి దగ్గరే ఉండేదాన్ని కదండీ."

కోపంగా అనలేదు. అట్లా అని, పడవకూ దీవికీ నడుమ, నీళ్ళలోనే నిలబడిపోయింది. ముందుకు పోలేదు, వెనుకకు రాలేదు.

పడవవాడు ఏమి కష్టమని అడిగాడు. ఇవాళ మా రోజు కాదని, నాకు వచ్చిన హిందీలో చెప్పాను.

"మేము చంద్రుణ్ణి చూశాం, పండుగ చేసుకున్నాం. నీ రోజు ఎప్పుడు పండిత్?"

"మంగళవారమే గడిచిపోయింది. మళ్ళీ పున్నమికి, పదకొండు రోజులకు."

"ఆమె పోయేది?"

"రేపు."

అతడు తాడు చుట్టుకోసాగాడు.

అప్పుడు దిబ్బల మాటు నుంచి ఒక తాబేలు బయటికి వచ్చింది. మా ఊరి మడుగులలోని తాబేళ్ళు అరచేతిలో ఇముడుతాయి. దీని వీపు నలుగురు కూర్చుని భోంచేసే బల్లంత ఉంది. మందరపర్వతాన్ని మోసిన కూర్మాన్ని గురించి పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ పాఠంలో ఇంత నెమ్మది లేదు. తొందర లేని రెక్కలతో అది పడవ కింది నుంచి సాగి, నా భార్య పక్కగా, ఆమె చీరకొంగు తాకేంత దగ్గరగా పోయింది. ఆమె కదలలేదు. రెండు చేతులూ జోడించి నీళ్ళ మీద ఉంచింది. రాజు ఆమెకు దర్శనమిచ్చాడు, తదియ నాడు, పిలవకుండానే. నేను మాత్రం పడవలో పొడిగా కూర్చుని ఉన్నాను.

సంచి పడవలో పెట్టాను. పడవవాడు చేయి అందించాడు. దిగాను.

నీళ్ళు గోరువెచ్చగా ఉన్నవి. అది నేను ఎదురుచూడలేదు. ఎవరో మేలుకుని ఉన్నారనిపించే వెచ్చన. ఆమె పక్కకు నడిచి, స్నానానికి సంకల్పం చెప్పబోయాను. సంకల్పంలో మనం ఉన్న చోటు చెప్పుకోవాలి. తొమ్మిదేండ్లుగా అజ్మాన్ గదిలో ప్రతి ఉదయం నేను చెబుతూ వచ్చింది మా ఊరి సంకల్పమే. శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణా గోదావరుల నడుమ ఉన్నానని, ఎయిర్ కండిషనర్ హోరులో దేవునితో అబద్ధమాడుతూ వచ్చాను. ఆ మాటలే నోటికి వచ్చినవి. వాటి దగ్గర నోరు ఆగింది. చుట్టూ చూశాను. ఎముకల కొండలు, నీలం, తాడు చుట్టుకుంటున్న ముసలివాడు.

"శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, సముద్రమధ్యే, ఖోర్ ఫక్కాన్ ద్వీప సమీపే" అన్నాను. తిథి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను, తదియ అని.

మూడు మునకలు వేసి లేచేసరికి ఆమె నన్నే చూస్తున్నది. ముఖం నుంచి నీళ్ళు కారుతున్నవి.

"ఇన్నేళ్ళకు మీరెక్కడున్నారో ఆయనకు చెప్పారు" అంది.

తరువాత ఇద్దరమూ చేతులు పట్టుకుని రాళ్ళు దాటి దీవి ఎక్కాము. అక్కడ చెట్టు లేదు, నీడ లేదు. కాళ్ళు కాలుతున్నవి. నాలుగు దిక్కులా సముద్రం వెలుగుతున్నది. వర్ణించడానికి నాకు మాట రాలేదు, ఆమె అడగనూ లేదు.

మరునాడు, ఆషాఢ శుద్ధ చవితి శనివారం సాయంకాలం, ఆమె దుబాయ్‌లో విమానమెక్కింది. మరుసటి ఏడు, అక్షయ నామ సంవత్సర వైశాఖంలో, నేను ఉద్యోగం చాలించి ఇంటికి వచ్చాను. ఆ నడుమ ప్రతి శుక్రవారం, తిథి చూడకుండా, అజ్మాన్ తీరంలో సముద్రస్నానం చేశాను.