బావిలో గాలి ఉంది

మిల్లులో నన్ను ‘గాలి మేడం’ అంటారు. ఎదురుగా అనరు. అంత ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర తవుడు నుంచి నూనె తీసే మిల్లు అది. అందులో స్టోర్సు నాది. బోల్టుల దగ్గర్నుంచి బ్లోయర్ల దాకా ఏదైనా నా చేతి మీదుగానే బయటికి వెళ్ళాలి. నూనె ట్యాంకు కడగడానికి మనిషి లోపలికి దిగాలంటే ముందు బ్లోయరుతో లోపలికి మంచి గాలి కొట్టాలి, మీటరు దించి ఆ గాలి ఎలా ఉందో చూడాలి, భుజాల మీదుగా బెల్టు కట్టుకోవాలి. ఇవేవీ అడగకుండా “ఒక్క నిమిషం పనేగా మేడం” అంటూ వచ్చేవాళ్ళని నేను తిట్టే తిట్లు గోడౌను అవతలికి వినిపిస్తాయట. అందుకని ఆ పేరు. గాలి మనిషి అంటే మన భాషలో ఇంకో అర్థం కూడా ఉందని తెలిసే పెట్టి ఉంటారు, వెధవలు.

మా సేఫ్టీ ఆఫీసరు గారు అప్పుడప్పుడూ అందరినీ కూర్చోబెట్టి క్లాసు చెబుతారు. చాలా మెత్తటి మనిషి. చీమకి కూడా ‘అండీ’ తగిలించి మాట్లాడతారు. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఒకే మాట దగ్గర తేలతారు. “ట్యాంకులో ఒకాయన పడిపోతే, ఆయన కోసం దిగినాయన కూడా పడిపోతారండి. ఇద్దరూ మంచివాళ్ళేనండి. ఇద్దరూ పోతారండి.” పొద్దున్నే బెంజ్ సర్కిల్‌లో బస్సెక్కి నిలబడి ప్రయాణం చేసి వచ్చేదాన్ని కాబట్టి ఆ క్లాసులో కాసేపు కునుకు తీయడం నా హక్కని అనుకునేదాన్ని. అయినా ఆ మాట మాత్రం నిద్రలోనే చెవికెక్కింది.

ఇక మా బావి సంగతి. మైలవరం పక్కన మాకు కొంచెం తోట ఉంది. అమ్మా తమ్ముడూ అక్కడే ఉంటారు. నాన్న పోయాక తమ్ముడు ముసలి మామిడిచెట్లు తీసేసి కొత్త అంట్లు నాటాడు. పిల్లల్ని పెంచినట్టు పెంచాడు వాటిని. ఒక వేసవిలో మా బోరు ఎండిపోయింది. అంట్లు ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. మిగిలిన దిక్కల్లా తోట హద్దులో ఉన్న పాత రాతి బావి. దాని మీద ఎప్పటినుంచో ముళ్ళకంప కప్పి ఉంది.

కంప ఎందుకు కప్పారంటే, ఆ బావిలో గాలి ఉందట. వీచే గాలి కాదు, సోకే గాలి. మేము ఆ పొలం కొనక ముందు అది పక్క తోట బాబాయ్ వాళ్ళది. ఆయన చుట్టం కాదు, పిలుపుకే మాకు బాబాయ్. అమ్మేమో వరసతో పని లేకుండా అన్నయ్యా అంటుంది. ఆయన చిన్నప్పుడు ఆయన చిన్నాన్న ఇంజను బాగుచేయడానికి ఆ బావిలోకి దిగి పైకి రాలేదు. తన తమ్ముడికి ఏమైందో చూద్దామని బాబాయ్ వాళ్ళ నాన్న దిగాడు. ఆయనా రాలేదు. అప్పటినుంచి ఊళ్ళో ఒక మాట స్థిరపడిపోయింది. “ఆ గాలికి ఒకళ్ళు చాలరు. జంటగానే తీసుకుద్ది.”

మా ఇంట్లో ఆ మాట చెల్లదు. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం. దయ్యాల ఊసెత్తితే అమ్మ చేతిలో ఏముంటే అది విసురుతుంది. బాబాయ్ బావి గురించి హెచ్చరించినప్పుడల్లా అమ్మ, “ప్రభువున్న చోట గాలేంటన్నయ్యా, ఊరుకోండి” అని కొట్టిపారేసేది. తమ్ముడు నవ్వేవాడు. నేనూ నవ్వాను. మిల్లులో రోజూ నేను పోట్లాడే గాలీ, బాబాయ్ భయపడే గాలీ ఒకటేనేమో అన్న ఊహ కూడా రాలేదు. ఒకటి ఉద్యోగం, ఇంకొకటి మూఢనమ్మకం. నా బుర్రలో రెండూ వేరువేరు అరల్లో ఉండేవి.

ఆ వేసవిలో ఒక ఆదివారం నేను తోటకి వెళ్ళాను. తమ్ముడు అప్పటికే కంప తీసేశాడు. ముందురోజు బావి లోపల సగం లోతులో ఉన్న రాతి అరుగు మీదికి డీజిల్ ఇంజను దించి, దాన్ని పైనుంచే తాడుతో లాగి స్టార్ట్ చేసి, సాయంత్రం దాకా పాత నీళ్ళు తోడించాడు. ఇక దిగి పూడిక తీస్తే ఊట వస్తుందని వాడి ఆశ. చర్చి నుంచి రాగానే లుంగీ ఎగ్గట్టి, తాడు నడుముకి చుట్టుకున్నాడు.

బాబాయ్ చంకలో వేపమండలు పెట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆయన చేతిలో ఒక లాంతరు కూడా ఉంది.

“దిగబాకరా అబ్బాయ్. నా మాట ఇను. ముందు ఈ మండలు తాడుకి కట్టి పైకీ కిందకీ ఆడించాల. మా నాయనమ్మ అట్టా చేస్తే గాలి లేచిపోద్దనేది.”

“మా బావిలో ఈ మంత్రాలేం వద్దన్నయ్యా” అంది అమ్మ.

“పోనీ లాంతరన్నా దించి చూడండమ్మా. గాలుంటే ఆర్పేస్తది.”

తమ్ముడికి ఇది భలే సరదాగా అనిపించింది. దయ్యం లేదని అందరి ముందూ తేల్చేద్దామని లాంతరు వెలిగించి తాడుతో వదిలాడు. మేమందరం గట్టు మీదుగా తొంగి చూశాం. వెలుగు రాళ్ళ మీద పడుతూ కిందికి వెళ్ళింది. అరుగు దాటాక చిన్నదైంది. ఆ తర్వాత ఎవరో గొంతు నొక్కినట్టు ఆరిపోయింది.

“చూశావా? గాలి ఆర్పేసింది!” అన్నాడు బాబాయ్.

“గాలికి ఆరిపోతే దయ్యం ఆర్పిందంటావేంటి బాబాయ్?” అన్నాడు తమ్ముడు. లాంతరు పైకి లాగి మళ్ళీ వెలిగించి దించాడు. అదే రాయి దగ్గర మళ్ళీ ఆరింది.

నేను తల ఎత్తి చూశాను. తోటలో ఒక్క ఆకు కదలడం లేదు. ఎండకి చెట్లన్నీ గుడ్లప్పగించి నిలబడి ఉన్నాయి. గాలి ఆర్పిందని ఒకరూ, గాలికి ఆరిందని ఒకరూ వాదించుకుంటున్నారు. నాకేమో అప్పుడు తట్టింది. ఆ దీపం ఆరింది గాలి ఉండి కాదు, లేక. దీపానికి అందని గాలి మనిషికి మాత్రం ఎక్కడ అందుతుంది? పైగా నిన్నంతా ఇంజను పొగ ఆ గోతిలోనే తిరిగింది.

“ఒరేయ్, తాడు విప్పు” అన్నాను.

“నువ్వు కూడా ఏంటక్కా?”

“దయ్యం కాదురా. లోపల పీల్చుకునే గాలి లేదు. మా ట్యాంకుల్లో జరిగేది ఇదే.”

“ఊపిరి బిగబట్టి దిగి ఇట్టా వచ్చేస్తా. గాలికి పోయే కంప నీకెందుకు?”

ఇంతలో అమ్మ కళ్ళు మూసుకుని వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. “గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే ఎలాగమ్మా?” అని అరిచాను. ప్రార్థన మధ్యలో అమ్మ మీద అరవడం మా ఇంట్లో జరిగే పని కాదు. అమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసిన చూపుకి మామూలు రోజైతే నేను ఇంట్లోకి పారిపోయేదాన్ని.

వాడు గట్టు మీద కాలు పెట్టాడు. అప్పుడు ఆఫీసరు గారి పాఠం నోటికొచ్చింది.

“సరే దిగు. నువ్వు లోపల పడిపోతే నీ కోసం ఎవరు దిగాలో అది కూడా చెప్పి దిగు.”

అమ్మ అంది, “ఎవరు దిగడమేంటే? నేను లేనా?”

స్టవ్ మీద పాలు నేను చూస్తాలే అన్నట్టు అంత మామూలుగా అంది. చర్చి మెట్లు ఎక్కడానికి నా భుజం పట్టుకునే మనిషి. ఆ మోకాళ్ళతో ఆ బావిలోకి దిగుతుంది. అందులో నాకు అనుమానం లేదు. వాడికీ లేదు.

బాబాయ్ అక్కడే మట్టిలో కూలబడ్డాడు. “మా నాన్నా ఇట్టాగే అన్నాడంటమ్మా. నేను లేనా అన్నాడంట” అన్నాడు.

తమ్ముడు అమ్మ మోకాళ్ళ వంక చూశాడు. కాలు కిందికి దించాడు. నడుముకున్న తాడు విప్పి గట్టు మీద పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వాణ్ణి రెండు తిట్టాను.

సాయంత్రం ఆఫీసరు గారికి ఫోన్ చేసి మీటరు అరువిమ్మని అడిగాను. “నేను లేకుండా అది గేటు దాటదండి. సెలవు రోజున దాన్ని తీసుకుని నేనే వస్తానండి” అన్నారు. ఆలోగా బావి చుట్టూ మళ్ళీ కంప వేయించాం. ఇంజనుని, దించినప్పటి గొలుసుతోనే పైనుంచి లాగించి బయట పెట్టించాం. బాబాయ్ దగ్గర వడ్లు తూర్పారబట్టే పెద్ద కరెంటు ఫ్యాను ఉంది. దాని గాలి బావి అడుగుదాకా వెళ్ళాలంటే వెడల్పాటి గొట్టం కావాలి. అమ్మ టార్పాలిన్ పట్టాలు ముందేసుకుని కూర్చుంది. కుట్టుమిషను సూది విరిగితే దబ్బనం తీసింది. క్రిస్మస్‌కి పిల్లలకి దేవదూతల రెక్కలు కుట్టే మనిషి, అంతే శ్రద్ధగా ఏనుగు తొండంలాంటి గొట్టం కుట్టింది. నా మీద కోపం తగ్గలేదు. దారం ఎక్కించమని కూడా తమ్ముణ్ణే పిలిచేది.

చెప్పినట్టే ఆఫీసరు గారు వచ్చారు. మీటరుకి సన్నని ట్యూబు తగిలించి బావిలోకి వదిలారు. అరుగు దాటీ దాటగానే అది కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఇంజను ఆగి ఇన్ని రోజులైనా ఆ గాలి ఇంకా అక్కడే కూర్చుని ఉంది. దీపం ఆరితే దిగకూడదు సరే, ఆరకపోయినా దిగకూడదండి అని ఆయన మా తమ్ముడికి చెప్పారు. కొన్ని విషవాయువుల్లో దీపం నిక్షేపంగా వెలుగుతుందట, మనిషే ఆరిపోతాడట. అంటుకునే వాయువు ఉంటే దీపమే కొంప ముంచుతుందట.

బాబాయ్‌కి ఇదంతా పట్టలేదు. ఆ కీచుమనే చప్పుడు వైపే చూస్తున్నాడు.

“మా నాన్నని తీసుకెళ్ళింది ఇదేనా బాబూ?”

“ఇదేనండి. ఇంజను పొగో, పాడుబడ్డ గాలో. ఇంకేం కాదండి.”

“మా ఇంట్లో ఏదో పాపం ఉందన్నారండి. అందుకే జంటగా తీసుకుందన్నారు. నాకు పిల్లనివ్వడానిక్కూడా ఎనకాడారు.”

ఆఫీసరు గారు మీటరు పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నారు. “పాపం కాదండి. ఇద్దరూ మంచివాళ్ళేనండి” అన్నారు. క్లాసులో ఎన్నోసార్లు విన్న మాట. ఆ రోజు అది విని నేను అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నాను.

ఫ్యానుకి గొట్టం కట్టి చివర అడుగుదాకా వదిలాం. స్విచ్ వేయగానే అమ్మ కుట్టిన తొండం ఉబ్బి బావిలోకి ఊదడం మొదలుపెట్టింది. బాబాయ్ వేపమండలు చేతిలో పట్టుకుని బెరుగ్గా అమ్మ వైపు చూశాడు.

“ఆడించండన్నయ్యా. దయ్యానికి కాదు, గాలి కదులుద్ది” అంది అమ్మ.

వేపమండల వల్ల ఒరిగేది తక్కువేనని ఆఫీసరు గారికీ నాకూ తెలుసు. ఇద్దరం నోరు మూసుకున్నాం. చాలాసేపు ఫ్యాను తిరిగాక మీటరు మళ్ళీ దించారు. పై భాగం, అరుగు, అడుగు. అరవలేదు. కాసేపు ఆగి మళ్ళీ చూశారు. అరవలేదు. అప్పుడు తమ్ముడి భుజాల మీదుగా బెల్టు కట్టి, తాడు గిలక మీద వేసి, ఇద్దరు కూలీల చేత పట్టించారు. వాడికి ఏమైనా పైనుంచే లాగాలి, ఇంకెవరూ దిగడానికి వీల్లేదు. మీటరు వాడి ఛాతీకి తగిలించారు. అమ్మని గట్టుకి దూరంగా కుర్చీలో కూర్చోబెట్టే బాధ్యత నాది. అది అన్నిటికంటే కష్టమైన పని.

వాడి తల గట్టు కిందికి మాయమయ్యాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళ కోపం ఆ పట్టులో పోయింది. ప్రార్థన చేస్తుందనుకున్నాను. చేసే ఉంటుంది. కానీ పైకి మాత్రం కేకేసింది.

“ఒరేయ్, గాలుందా?”

లోపల్నుంచి రాళ్ళకి తగిలి గొంతు పైకొచ్చింది. “ఉందమ్మా!”

కాసేపటికి మళ్ళీ, “గాలుందా?”

“ఉందే! ఊటా ఉంది! కాళ్ళకి చల్లగా తగులుతంది!”

తడి మట్టి తట్టలు పైకి రావడం మొదలయ్యాయి. రోడ్డు మీద పోతున్న ఒకాయన గిలకా మనుషులూ చూసి సైకిల్ దిగాడు. మా తోట వైపు రాకుండా అక్కణ్ణుంచే బాబాయ్‌ని కేకేశాడు.

“ఏందయ్యో, ఆ బావిలో గాలుందిగా! మనిషిని దించారేంది?”

బాబాయ్ చేతిలో వేపమండలు ఆపకుండానే అరిచాడు.

“గాలుంది కాబట్టే దించామయ్యా!”