పదింటి నుంచి మూడింటి దాకా

“ఈవిడకి కళ్ళు పోయాయి సార్,” అన్నాడు మిషను సారు.

ఆవిడ అక్కడే నిలబడి ఉంది. ఆవిడ వైపు చూసి కూడా అనలేదు. గదిలో ఏదో కుర్చీ కాలు విరిగిందని చెప్పినట్టు మా మేనేజరుకు చెప్పాడు. రంగులు సరిచూసే షేడ్ రూమ్ తలుపు బార్లా తెరిచి ఉంది. బయట ప్యాకింగ్ బల్లల దగ్గర మేం పద్నాలుగు మందిమి ఉన్నాం. అందరికీ వినపడింది. వినపడాలనే అన్నాడని నేను ఇప్పటికీ అంటాను.

మాది కుట్టుదారం తయారుచేసే ఫ్యాక్టరీ. ఆవిడని అందరం రంగులక్క అనేవాళ్ళం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడది ఒకటే పని. ఎక్కడినుంచో ఒక గుడ్డముక్క వస్తుంది, దానికి ఏ రంగు దారం సరిపోతుందో చెప్పాలి. మా దగ్గర మూడు వందల పన్నెండు రంగులున్నాయి, ప్రతి రంగుకీ ఒక నంబరు. రంగులక్కకి నమూనాల కార్డు అక్కర్లేదు. నేను కొత్తగా చేరినరోజు నా చొక్కా వంక ఒక్క చూపు చూసి, “నూట నలభై ఆరు. సబ్బు మార్చరా, వెలిసిపోతోంది,” అంది. అదీ మా పరిచయం.

ఆవిడకో నియమం ఉండేది. ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకానే చూసేది, అదీ ఉత్తరపు కిటికీ దగ్గర. సూటిగా ఎండ పడని వెలుతురులోనే రంగు నిజం చెబుతుందనేది. మూడు దాటాక లారీ గేటు దగ్గర హారన్ కొడుతున్నా సరే, “రేపు పదింటికి,” అనేది, అంతే. ఆ మాట మాకు ఊతపదమైపోయింది. ఎవరైనా అగ్గిపెట్టె అడిగినా “రేపు పదింటికి” అనేవాళ్ళం.

తర్వాత రంగులు చూసే మిషను వచ్చింది, దాంతోపాటే మిషను సారు వచ్చాడు. కుర్రవాడు, నాకంటే రెండేళ్ళు పెద్దేమో. పగలూ రాత్రీ తేడా లేకుండా మిషను చూస్తుందని మేనేజరు మురిసిపోయాడు. మొదట్లో ఆవిడా మిషనూ పక్కపక్కనే పనిచేశారు. అప్పుడే దూరాన ఉన్న ఒక కుట్టు ఫ్యాక్టరీ నుంచి ఫిర్యాదు వచ్చింది. బడిపిల్లల యూనిఫారాలు, బూడిద రంగు గుడ్డ. మేం పంపిన దారంతో కుడితే కుట్లు ఎర్రజీర కొట్టి ఎత్తి కనపడుతున్నాయట. ఆ రంగుని రంగులక్క చూసింది, మిషనూ చూసింది. ఇద్దరూ సరేనన్నారు. అలాంటప్పుడు తప్పు ఎవరిది? మిషనుదైతే దాన్ని కొనిపించినవాళ్ళది అవుతుంది. అందుకని ఆవిడ కళ్ళు పోయాయి.

మర్నాటినుంచి ఆవిడని లేబుళ్ళు అంటించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు, నా పక్కనే. కండె మీద గుండ్రటి కాగితం పెట్టి నొక్కడం. పదేళ్ళ పిల్ల చేసే పని. ఆవిడ కాగితాలు నొక్కుతూ కూర్చుంది. నాకే ఒళ్ళు మండిపోయింది.

“యూనియనుకి చెబుదాం అక్కా.”

“ఏమని చెప్తావు? కళ్ళున్నాయని నేను చెప్తే చాలుతుందా?” అని, ఇంకో లేబులు నొక్కుతూ నెమ్మదిగా అడిగింది. “నిజంగానే పోయాయేమోరా?”

అదీ వాళ్ళు చేసిన ఘనకార్యం. పని తీసేయడం ఒక ఎత్తు. తన కళ్ళని తనే అనుమానించేలా చేశారే, దానికేం శిక్ష వెయ్యాలి? ఇంట్లో మనవరాళ్ళ రిబ్బన్లు కిటికీలో పెట్టుకుని చూసుకునేదట, ఎవరూ లేనప్పుడు. నంబర్లు తప్పకుండానే వచ్చేవి. కానీ అవి సరైనవో కాదో చెప్పడానికి ఇంకెవరున్నారు? ముప్ఫై ఏళ్ళుగా చెప్పింది ఆవిడే కదా.

ఇంతలో ఆ కుట్టు ఫ్యాక్టరీ యజమాని, మనిషిని పంపి సరుకు చూడకపోతే మొత్తం వెనక్కి పంపుతానన్నాడు. వెళ్ళాల్సింది మిషను సారు. యజమాని నోరు మంచిది కాదని ఆయనకి తెలుసు. ఆయనకి హఠాత్తుగా నడుం పట్టేసింది. రంగులక్కని పంపించారు. చేతికి ఒక ఉత్తరం ఇచ్చి, అది యజమానికి స్వయంగా ఇవ్వమన్నారు.

“ఆఫీసు భాష నాకెక్కదు, చదువు,” అని నాకిచ్చింది.

‘మా సిబ్బందిలో ఒకరి దృష్టిలోపం వల్ల ఈ పొరపాటు జరిగింది. సదరు ఉద్యోగినిని ఆ బాధ్యత నుంచి తప్పించాము. క్షమాపణ నిమిత్తం ఆమెనే మీ వద్దకు పంపుతున్నాము.’

రెండుసార్లు చదివాను. ఒక మనిషికి పడ్డ చెంపదెబ్బని ఆ మనిషిచేతే మోయించడం ఎంత చదువుకున్నవాళ్ళకి తడుతుంది! ఆవిడ మాత్రం ఉత్తరాన్ని మడిచి, తువ్వాలు మడతలో పెట్టుకుంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో కంపెనీ ఆవిడని ఊరు దాటి పంపడం అదే మొదలు. ఒంటరిగా ప్రయాణం చెయ్యడం పుట్టాక అదే మొదలు. ఇంట్లో వాళ్ళాయన, “ఒక్కదానివేనా? దారి తప్పుతావే,” అన్నాడట. “ఇన్నేళ్ళు తప్పలేదుగా, ఒక్కసారి తప్పనీండి,” అని బస్సెక్కింది.

బస్సు చేరేసరికి మూడుంపావు అయింది. కుట్టు ఫ్యాక్టరీలో వరసగా ట్యూబ్‌లైట్లు, వాటికింద నలభై మిషన్లు. యజమాని ఒక చొక్కా తెచ్చి ఆవిడ ముందు బల్ల మీద విసిరికొట్టాడు.

“చూడండి! ఇది బూడిద రంగా? చూసి చెప్పండి!”

“రేపు పదింటికి చెప్తానండి.”

“ఏంటీ?”

“మూడు దాటిందండి. ఇప్పుడు చూస్తే ఏదో ఒక అబద్ధం చెప్పాల్సొస్తుంది.”

ఆయన నెత్తి కొట్టుకున్నాడట. మీ కంపెనీలో అందరూ ఇంతేనా అన్నాడట. ఆవిడ నమస్కారం పెట్టి వచ్చేసింది. అలా, ఎవరూ ఇవ్వకుండానే, ఆవిడ చేతికొక సాయంత్రం వచ్చింది.

తిరిగొచ్చాక లేబుళ్ళు నొక్కుతూ ముందు ఆ సాయంత్రం సంగతే చెప్పింది. “ఏం తేలిందో చెప్పక్కా,” అంటే వినదే!

“లాడ్జి గదికి లోపల గడియ ఉందిరా. వేశా. మళ్ళీ తీసి వేశా. నాలుగుసార్లు వేసుంటా.”

వాళ్ళది రెండు గదుల ఇల్లు. మొగుడు, కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు. ఆవిడ పడుకునేది వంటగదికీ గుమ్మానికీ మధ్య, ఇద్దరు పిల్లల కాళ్ళు పొట్ట మీద వేయించుకుని. ఆ రోజు మంచానికి అడ్డంగా పడుకుని చూసిందట, ఎలా ఉంటుందో అని.

“కిందికెళ్ళి టీ చెప్పా. పొగలు కక్కుతూ తెచ్చాడు. ఎవరికీ పొయ్యక్కర్లేదు, ఎవరూ పిలవరు. వేడి టీ ఇలా ఉంటుందా అనుకున్నా. నాలిక కాలింది, అయినా బాగుంది.”

ఇది చెప్తూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. యాభై ఏడేళ్ళొచ్చిన మనిషి ఒక గ్లాసు టీ వేడిగా తాగడానికి, ముందు నలుగురిలో అవమానపడి, ఆ అవమానాన్ని కాగితంలో చుట్టుకుని వేరే ఊరెళ్ళాలా?

టీకొట్టు ఎదురుగా ఒక పెయింటరు కొత్త దుకాణం షట్టరుకి రంగు వేస్తున్నాడట. డబ్బాలో పచ్చా నీలం కలుపుతున్నాడు. ఆవిడ బెంచీ మీద కూర్చుని గంటసేపు చూసింది.

“పచ్చ ఎక్కువైందిరా. తెలుస్తూనే ఉంది. నాలిక చివరిదాకా వచ్చింది. అడిగితే చెబుదామని చూశా. అడగలేదు. అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఈ ప్రపంచంలో ఒక రంగు నన్ను అడక్కుండా పడిపోతోంది.”

“భయం వెయ్యలేదా అక్కా, మర్నాటి సంగతి?”

“ఎందుకెయ్యదు? రేపు పదింటికి నా కళ్ళు ఉన్నాయో లేదో తేలిపోతుంది కదా. ఈ సాయంత్రానికి ఉన్నాయనుకునే చూద్దాం అనుకున్నా. వీధి చివర దాకా నడిచా. అన్నీ చూశా. ఒక్కదానికీ నంబరు పెట్టలేదు.”

మర్నాడు పదింటికి కుట్టు ఫ్యాక్టరీ ఉత్తరపు కిటికీ తెరిపించింది. దానికి అట్టపెట్టెలు అడ్డుంటే తనే తీసిందట. చొక్కా పరిచి, కుట్టు మీదుగా వేలు పోనిచ్చింది. దారం కనపడలేదు. గుడ్డలో కలిసిపోయింది. ట్యూబ్‌లైటు కిందికి తెస్తే ఎర్రజీర, కిటికీ దగ్గరికి తీసుకెళ్తే మాయం. యజమాని నాలుగు చొక్కాలు మార్చి మార్చి అటూ ఇటూ తిరిగాడు.

“మరి మాకు ఎర్రగా కనపడుతోందే!”

“మీరు తొడుక్కుంటారేంటండీ? తొడుక్కునేది పిల్లలు. వాళ్ళు బడికి ఎండలో వెళ్తారా, మీ ట్యూబ్‌లైట్ల కిందుగా వెళ్తారా?”

నలభై మిషన్లూ ఆగి, కుట్టేవాళ్ళంతా ఘొల్లుమన్నారట. చివరికి ఆయనకీ నవ్వొచ్చింది. “ఈసారి మీ లైటు కింద కూడా కలవాలంటే ముందే చెప్పండి, రెండుచోట్లా చూసి పంపుతాం,” అని నచ్చజెప్పింది. సరుకు బాగుందని ఆయన చేత్తో నాలుగు ముక్కలు రాసిచ్చాడు.

ఒక లైటు కింద కలిసే రెండు రంగులు ఇంకో లైటు కింద విడిపోవచ్చని పుస్తకాల్లో ఉంది. నేను తర్వాత వెతికి చదివాను. ఇవాళ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మిషను సారు నాలుగేళ్ళు కాలేజీలో చదివిన చదువే అది. ఫిర్యాదుతో పాటు వచ్చిన చొక్కా ఆయన బల్ల మీదే నెల రోజులు పడుంది. దాన్ని కిటికీ దాకా ఆరడుగులు మోస్తే సరిపోయేది. ఆరడుగులు!

ఆవిడ యజమాని రాసిన కాగితం మేనేజరుకిచ్చి, క్షమాపణ ఉత్తరం మాత్రం మిషను సారు బల్ల మీద పెట్టింది. “దీంతో పని పడలేదు సార్. దాచుకోండి, ఎప్పుడైనా మీకే పనికొస్తుంది.”

వారానికి నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ‘సాంకేతిక విభాగం చొరవతో ఫిర్యాదు పరిష్కారమైనది.’ సాంకేతిక విభాగమంటే పట్టేసిన నడుమన్నమాట. రంగులక్క లేబుళ్ళ బల్ల దగ్గరే ఉండిపోయింది. నేను గొడవపెట్టుకుంటానంటే వద్దంది. “నాకు ఆ గది వద్దురా. ఎక్కడ అన్నాడో అక్కడే, మీ అందరి ముందే, పోలేదని ఒక్కమాట అంటే చాలు.” నాలుగు నెలలు గడిచాయి. అనలేదు.

రిటైరైన రోజు సాయంత్రం నాలుగింటికి ప్యాకింగ్ హాల్లోనే సభ పెట్టారు. మేనేజరు ఆవిడ సేవల గురించి మాట్లాడాడు, పేరు ఒకసారి తప్పు చెప్పాడు. ఒక గోడగడియారం ఇచ్చారు. అందులో సెల్లు కూడా వెయ్యలేదు. ముళ్ళు పదీ పది దగ్గర ఆగి ఉన్నాయి. సభ అయిపోయి మేం బిస్కెట్లు తింటుండగా, మిషను సారు రెండు కండెలు పట్టుకుని గబగబా వచ్చాడు.

“ఒక్కసారి చూసి చెప్పండి. రెండూ ఒకటేనంటోంది మిషను. లారీ ఆగి ఉంది.”

“నా కళ్ళు పోయాయి కదా సార్.”

“అబ్బే... ఆ రోజేదో అన్నాన్లెండి.”

“ఏమన్నారు?”

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన గొంతులో ఏదో గొణిగాడు.

“వీళ్ళకి వినపడలేదు సార్.”

“పోలేదు,” అన్నాడు ఈసారి గట్టిగా, చెవులు ఎర్రబడి. “మీ కళ్ళు పోలేదు.”

ఆవిడ తలూపింది. కండెలు మాత్రం అందుకోలేదు. “మూడు దాటింది సార్. రేపు పదింటికి.”

ఆవిడకి అక్కడ రేపు లేదని అందరికీ తెలుసు. నవ్వు ఆపుకోలేక నేనే అరిచాను. “అక్కా, నీ గడియారంలో పదీ పదే అయింది, చూడొచ్చు!”

“అది వాళ్ళిచ్చింది కదరా, నమ్మకూడదు.”

తర్వాత మూడు నెలలకి బస్టాండులో కనపడింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉంది, ఒంటరిగా, ఒళ్ళో చిన్న సంచీ.

“ఎక్కడికక్కా?”

“ఆ ఊరికే. షట్టరు రంగు ఆరాక ఎలా తేలిందో చూడాలి.”

నాకు మళ్ళీ మొదలైంది. ఆ ఉత్తరం, ఆ నోటీసు, ఆ సెల్లులేని గడియారం, అన్నీ ఏకరువు పెట్టాను. ఒక్క మాట అనడానికి, అదీ వాళ్ళకి అవసరం పడ్డాక, అయిదు నెలలు పట్టిందన్నాను. నీ స్థానంలో నేనైతే ఆ ఊరి పేరు తలుచుకున్నా రక్తం మరిగేదన్నాను. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి చెయ్యి చాపి నా భుజం మీద తట్టింది.

“తిట్టుకోరా, నేను కాదన్నానా? కానీ ఆ సాయంత్రం నాది. అది కూడా వాళ్ళకే ఇచ్చెయ్యమంటావేంట్రా?”