కార్డు దొంగను నేను పట్టుకున్న వైనం

తొంభైల చివర్లో జమ్మికుంటలో క్రెడిట్ కార్డు ఉన్న లెక్చరర్ని నేనొక్కణ్ణే అని నా నమ్మకం. ఊళ్లో దాన్ని తీసుకునే దుకాణం ఒక్కటీ లేదు. అయినా చొక్కా జేబులో సగం బయటికి కనబడేలా పెట్టుకుని కాలేజీకి వెళ్లేవాణ్ణి. హైదరాబాదులో ఒకసారి హోటల్ బిల్లుకు వాడాను. ఆ ముచ్చట మా స్టాఫ్‌రూంలో చాలా రోజులు నడిచింది. నడిపింది నేనే.

ఒక ఆదివారం పొద్దున ఇంట్లో ఫోన్ మోగింది. పక్కింటి నేత పనివాడు, భివండిలో ఉన్న తమ్ముడి ఫోన్ కోసం మా ముందుగదిలో కూర్చున్నాడు. తనకే అనుకుని లేచాడు. నేను ఎత్తాను. అవతల ఒక అమ్మాయి, నాకు కార్డిచ్చిన బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానంది.

"సార్, నిన్న బొంబాయిలో మీ కార్డు మీద టీవీ కొన్నారు. కొన్నది మీరేనా?"

ఇలాంటి మోసాల గురించి పేపర్లో అప్పుడే చదివి ఉన్నాను. ఒక్కసారిగా తెలివి పొంగింది. పక్కింటాయనకు వినబడేలా గొంతు పెంచాను.

"అట్లనా? ఇగ నా నంబర్ చెప్పమంటవ్, అంతేనా?"

"వద్దు సార్, నాకేమీ చెప్పకండి. కార్డు వెనకాల ఉన్న ఫోన్ నంబరుకు మీరే చేయండి."

"ఓహో, గిది కొత్త తరీకానా? నన్ను ఎడ్డోడనుకున్నవా? పోలీసోళ్లకు పట్టిస్త!"

ఠపీమని పెట్టేశాను.

"మస్తు గట్టిగ ఇచ్చిండ్రు సారూ," అన్నాడు పక్కింటాయన. "నేనైతె పరేషానై అన్నీ చెప్పేటోన్ని."

"ఫికర్ జెయ్యకు. దొంగ గొంతు ఇట్టే తెలుస్తది," అన్నాను. సోమవారం స్టాఫ్‌రూం చేరేసరికి ఆ అమ్మాయి ఒక ముఠా అయిపోయింది.

నెల తిరగకముందే మరదలి పెళ్లిబట్టలకు కరీంనగర్ వెళ్లాం. కార్డు తీసుకునే పెద్ద దుకాణమే కావాలని పట్టుబట్టి అత్తమామల్ని ఎండలో నడిపించాను. చీరలన్నీ ఏరుకున్నాక దుకాణదారు కార్డు యంత్రం దుమ్ము తుడిచి, ముందుగా బ్యాంకుకు ఫోన్ చేశాడు. తర్వాత మెల్లగానే చెప్పబోయాడు గాని దుకాణమంతా వినబడింది.

"సారూ, గీ కార్డు బంద్ జేసిండ్రట. బొంబాయిల ఎవడో వాడిండట. ఫోన్ చేసి చెప్తె మీరే తిట్టిండ్రట."

నా భార్య చేతిలోని చీర కింద పెట్టింది. "నువ్వు పట్టుకున్న దొంగ ఆ బ్యాంకు పిల్లేనా?"

మామగారు బనియను జేబులోంచి డబ్బు తీశారు. "అల్లుడూ, జర గా మూట పట్టుకో," అన్నారు.

బస్టాండులో ఎస్టీడీ బూత్‌లోకి మూటతో సహా దూరి, కార్డు వెనకాలి నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తింది ఆ గొంతే. నేనెవరో చెప్పాను.

"అమ్మా, ఆ రోజు నిన్ను దొంగవనుకున్న. తప్పయింది."

"పర్వాలేదు సార్. కొందరైతే అడక్కముందే నంబరంతా చెప్పేస్తున్నారు. మీరే నయం."

ఆ మాటకు మళ్లీ ఛాతీ ఉబ్బింది. టీవీ బిల్లు నేను కట్టనక్కర్లేదని, కొత్త కార్డు పంపుతామని ఆమె చెబుతుంటే సగమే విన్నాను. మూట ఎత్తుకుని బయటికి ఉరికాను.

"బ్యాంకోళ్లు నన్ను మెచ్చుకున్నరు!" అన్నాను.

నా భార్య అప్పటికే బస్సెక్కి, పక్క సీటులో వాళ్లమ్మను కూర్చోబెట్టుకుంది.