పప్పు లేని పథ్యం

నాతవరం నుంచి వస్తున్న షేర్ ఆటో బోల్తా పడి నా కుడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేసిన డాక్టరు రోజూ పప్పు, గుడ్లు, చేపలు తినమన్నాడు. నర్సీపట్నంలో మా ఇంటికి చేరాక వంట అత్తగారి చేతిలోకి వెళ్లింది. మూడు పూటలా చారన్నం, బీరకాయ కూర.

"డాక్టరు పప్పు తినమన్నారు కదా అత్తయ్యా."

"ఆయనకేటి తెలుసు? పచ్చిపుండు మీద పప్పూ గుడ్డూ తింటే సీము పట్టేస్తాది."

మాంసకృత్తులు అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుందని ఇరవై ఏళ్లుగా బడిలో బోర్డు మీద రాస్తున్నదాన్ని నేను. గుడ్లు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి, పది అడుగుల దూరంలో. లేవలేను. పోనీ గట్టిగా అరుద్దామంటే, నా బెడ్‌పాన్ తీసేదీ ఆ చేతులే. చారన్నమే మింగాను.

రెండు నెలలకు ఫిజియోథెరపిస్టు కాలెత్తమంటే అది లేవలేదు. కుడి తొడ ఎడమదానిలో సగమైంది. కొంత మంచం తినేసింది, మిగతాది చారు తినేసింది.

అత్తగారు వంగి, కుట్ల మచ్చను వేలితో మెల్లగా తడిమారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"సూసినావా అమ్మా, సుక్క సీము నేదు."