నాయన పటంలో బండి బాట

పోయిన నెల కాణిపాకం బయలుదేరాం. మా అమ్మాయి కారు తోలుతోంది, దారి చెప్పే పని ఫోనుకు అప్పజెప్పింది. పెద్దరోడ్డు మీద చక్కగా పోతున్నవాళ్లను ఆ ఫోను, నాలుగు నిమిషాలు కలిసొస్తాయని ఆశపెట్టి, పక్కదారి పట్టించింది. ఆ దారి సన్నగిల్లి, ఇంకా సన్నగిల్లి, చివరికి ఎవరిదో గొడ్లకొట్టం ముందర ఆగిపోయింది. ఎదురుగా రెండు బర్రెలు నెమరువేస్తూ మమ్మల్ని చూస్తున్నాయి. ఫోనులో ఆవిడ మాత్రం ఏమాత్రం తొణక్కుండా నేరుగా వెళ్లమని చెబుతూనే ఉంది. మా అమ్మాయికి ఒళ్లు మండింది. నాకేమో నవ్వు ఆగలేదు. ఉన్న బర్రెలను లెక్కచేయకుండా లేని దారి ఉందని సాధించే ఆ పట్టుదలతో నేను ముప్పై ఏళ్లు కాపురం చేశాను. అది మా నాయనది.

నాయన సర్వే శాఖలో పనిచేశాడు. పొలాలకు కొలత గొలుసు పట్టి, రాళ్లు పాతించి, గట్టు తగాదాల మధ్య నిలబడి జుట్టు నెరిసిన మనిషి. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు శాలువా కప్పారు. ఆయన మాత్రం బీరువా వెనక పడి ఉన్న పాత పటం ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. మా వైపు ఊళ్లు, వంకలు, గుట్టలు, బండి బాటలు అన్నీ ఉన్న పటం అది. చిరగకుండా వెనక గుడ్డ అంటించి ఉండేది. దాన్ని విప్పడం ఎవరైనా విప్పవచ్చు గానీ, మడవడం మాత్రం ఆయనే మడవాలి. ఒకసారి మా అక్క తప్పుగా మడిచిందని రెండు రోజులు దానిమీద ఇస్త్రీపెట్టె బోర్లించి ఉంచాడు. ఏ ఊరికి కారులో పోయినా ముందు సీట్లో కూర్చుని, పటం ఒళ్లో పరుచుకుని, భూతద్దం చేతపట్టుకునేవాడు. దారిలో ఎవరినైనా అడుగుదామంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది. అందుకని ప్రతి కూడలి దగ్గరా మా అమ్మకు దాహం వేసేది. దిగి అంగట్లో మంచినీళ్లు తాగి, వచ్చి కూర్చుని, కారు తోలే మా బావ చెవిలో "ఎడమకు" అనేది. బావ ఎడమకు తిప్పేవాడు. "సూసినావా, పటంలో గూడా ఎడమకే ఉండాది" అనేవాడు నాయన. ఆయనకు అమ్మ దాహం సంగతి తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు అంతుబట్టదు.

ఇరవై నాలుగేళ్ల కింద, ఒక మాఘమాసంలో, టీచరు ఉద్యోగానికి సర్టిఫికెట్ల తనిఖీ చిత్తూరులో అని నాకు కార్డు వచ్చింది. పదకొండు గంటలకు హాజరు కావాలి, పేరు పిలిచినప్పుడు లేకపోతే అవకాశం తర్వాతివాళ్లకు పోతుందని అందులో అచ్చేశారు. అప్పటికి రెండుసార్లు పరీక్ష రాసి పోగొట్టుకున్నాను. వయసు మించిపోతోంది, మళ్లీ రాసే వీలు లేదు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, ట్యూషన్లు చెప్పుకుంటూ పుట్టింట్లో ఉంటున్నదాన్ని. ఆ కార్డును ఎన్నిసార్లు చదివానో దేవుడికే తెలియాలి. సత్యవేడు నుంచి తెల్లవారగానే బావ కారులో బయలుదేరాం. అమ్మ పిల్లలతో ఇంట్లో ఉండిపోయింది. ఆమె వచ్చి ఉంటే నేను చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

కార్వేటినగరం దాటేదాకా అంతా సవ్యంగానే జరిగింది. ఆ తర్వాత ఒక కల్వర్టు మీద చెరుకు లారీ అడ్డంగా బోర్లా పడి ఉంది. ఇటు బస్సులు, అటు బస్సులు, జనం చెరుకుగడలు విరుచుకుని తింటూ నిలబడ్డారు. అరగంట చూశాం. నేను కార్డు తీసి మళ్లీ టైము చదువుకున్నాను. నాయన మాత్రం, నిజం చెప్పాలంటే, ఎన్నాళ్లకో పని దొరికినవాడిలా ఉన్నాడు. పటం విప్పి వేలు పెట్టి చూపించాడు.

"ఈడ బండి బాట ఉండాది. రెండు మైళ్లు పోతే అవతల తార్రోడ్డు తగుల్తాది."

"మామా, ఎవుర్నన్నా ఒక మాట అడుగుదామా?" అన్నాడు బావ.

"అడిగేదెందుకు? సర్కారు పటమప్పా ఇది."

బాట ఉన్నమాట నిజమే. చెరుకు తోటల మధ్య నుంచి ఒక మైలు, మైలున్నర దాకా బుద్ధిగా పోయింది. ఆ తర్వాత ముళ్లకంప అడ్డం వేసి ఉంది. కంప అవతల పచ్చటి శెనక్కాయ చేను, పూత రాలి ఊడలు దిగుతున్న వేరుశనగ పైరు. చేనుకు ఆ చివర, కళ్లెదురుగా, తారురోడ్డు. దానిమీద ఒక బస్సు చిత్తూరు వైపు పోతోంది. అప్పుడు టైము పదయింది. వెనక్కి తిప్పుకుంటే మళ్లీ ఆ లారీ దగ్గరికే పోవాలి.

నాయన దిగి పటాన్ని కారు ముందుభాగం మీద పరిచి, భూతద్దం పెట్టాడు. అది చూసి చేను లోపలినుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా ఈడువాడే ఉంటాడు. చేతులు జోడించాడు. మేము అడక్కముందే చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

"మా నాయన కాలం నించీ సేద్దెం జేస్తా ఉండాం సార్. నేను కలుపుకున్నది గాదు. పైరన్నా సేతికొచ్చినాక కొలుచుకోండి సార్."

అప్పుడు నాకర్థమైంది. నెరిసిన జుట్టు, పటం, భూతద్దం, తెల్ల కారు. బాటను దున్ని చేనులో కలుపుకున్న ఇంటికి ఇంతకన్నా భయం ఏముంటుంది. నాయన పటం మీదినుంచి తల ఎత్తకుండానే "ఈడ బాట ఉండాది గదప్పా" అన్నాడు.

"పటంలో ఉంటే ఉండొచ్చు సార్. భూమ్మీద లేదు."

ఆ మాటకు నాయన తల ఎత్తాడు. నేను ఇంక ఆగలేక దిగాను. మేము కొలవడానికి రాలేదనీ, పదకొండుకు చిత్తూరులో ఉండకపోతే నా ఉద్యోగం పోతుందనీ చెబుతుంటే ఏడుపొచ్చేసింది. అతను నా మాట నమ్మాలో వద్దో తెలియక నాయన వైపు చూశాడు. ఈలోగా కాలవ దగ్గర నీళ్లు మళ్లిస్తున్న అతని భార్య పార భుజాన వేసుకుని వచ్చింది. కార్డు చూపించబోతే చూడలేదు. నా ముఖమే చూసింది.

"ఏం ఉద్యోగమమ్మా?"

"టీచరు."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "కంప తియ్యి. శెనక్కాయ మళ్లా ఏసుకుంటే వస్తాది. ఆయమ్మకు పొద్దు పోతా ఉండాది."

అప్పుడే నీళ్లు కట్టిన నేల, చక్రం పెడితే దిగిపోయేలా ఉంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పక్కతోటలోంచి ఎండిన చెరుకాకు మోపులు మోపులుగా మోసుకొచ్చి చక్రాల కింద పరిచారు. కారు నాలుగు బారలు కదిలితే వెనక ఆకు తీసి మళ్లీ ముందు పరిచేవారు. కారు తేలికపడాలని నేనూ నాయనా ఎక్కకుండా నడిచాం, మోపులు అందించాం. చక్రాల కింద మొక్కలు నలుగుతున్న చప్పుడు వినబడుతోంది. జీవితమంతా ఇతరుల పొలాల్లో నడిచిన మనిషి, ఆ రోజు ఒక్కో సాలు దాటడానికి అడుగు వెతుక్కున్నాడు. పక్కకు ఒరిగిన మొక్క కనిపిస్తే వంగి మట్టి ఎగదోస్తూ వచ్చాడు. ఆమె వద్దంటున్నా వినలేదు.

రోడ్డెక్కాక నాయన అతని దగ్గరికి పోయి నిలబడ్డాడు. "నేను రిటైరైనానప్పా, నా దగ్గర గొలుసు గూడా లేదు" అన్నాడు. ఆ తర్వాత, పటం చంకలోనే పెట్టుకుని, మాలో ఎవరికీ తెలియని గొంతుతో అడిగాడు.

"ఈడ్నించి చిత్తూరికి ఎట్ల పోవాలప్పా?"

అతను చెప్పాడు. ఏ మలుపులో స్పీడు తగ్గించాలో, ఏ ఊళ్లో రోడ్డు మీద వడ్లు ఎండబెట్టి ఉంటారో, అన్నీ. నాయన బడిపిల్లవాడిలా తల ఊపుతూ విన్నాడు. అతను చెప్పినట్టే పోయాం. పదకొండూ పదికి నేను హాలులోకి పరుగెత్తేసరికి నాకన్నా ఒక ర్యాంకు పైనున్న అమ్మాయి సంతకం పెడుతోంది. తర్వాత పిలిచింది నా పేరే. ఏర్పేడు దగ్గర బడి ఇచ్చారు. ఆ జీతం మీదే పిల్లలిద్దరూ చదువుకున్నారు.

వాళ్ల పేర్లు అడగలేదు. ఆ తొందరలో తోచలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు సిగ్గుపడ్డానో చెప్పలేను. నాయన బతికి ఉండగా దీని గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు రాదనుకుని నేనూ కదపలేదు. ఆయన పోయిన సంవత్సరానికి పటం విప్పి చూశాను. సర్కారు పటంలో చుక్క మార్చడం మహాపాపమని మాకు నేర్పిన మనిషి, ఆ బండి బాట గీతను బ్లేడుతో గీకేశాడు. అక్కడ కాగితం పలచబడి వెనకున్న గుడ్డ కనిపిస్తోంది. పక్కన పెన్సిలుతో, చీమల్లాంటి అక్షరాల్లో, ఇలా రాసి ఉంది: "శెనక్కాయ పైరు. అడిగి పోవాల."

ఆ పైరు ఆ వేసవికే కోతకు వచ్చి ఉంటుంది, చక్రాల జాడ తర్వాతి దుక్కికే చెరిగిపోయి ఉంటుంది. నేను మాత్రం ఇరవై నాలుగేళ్లుగా దాని మీదుగానే బడికి పోతున్నాను.